సభాపతి తల ఊపారు

ఏప్రిల్ 2, గురువారం

ఈరోజు కార్యసమావేశం బాగా జరిగింది. మైకులు తప్ప.

మైకులు మార్చమని రాంప్రసాద్‌కి మళ్ళీ చెప్పాను. మా నగరపాలక సభ కార్యదర్శి ఆయన, పద్ధతి తెలిసిన మనిషి, ఎప్పుడూ ఎదురు చెప్పడు. ఇవాళ మాత్రం "మొన్ననే కొత్తవి పెట్టాం కదా సర్" అన్నాడు. కొత్తవైతే మాత్రం? మా పార్టీ దిలీప్ మాట్లాడితే గోడలు అదురుతాయి. ఆడ పార్షద్‌లు, అదే కార్పొరేటర్లు, మాట్లాడితే ఎక్కడో నూతిలోంచి మాట్లాడినట్టు ఉంటుంది. వార్డు నుంచి గెలిచి వచ్చిన ప్రతి సభ్యుడికీ మైకు ఒకేలా పనిచేయాలి కదా.

ఈ కార్యసమావేశాలు నేను పెట్టినవే. పెద్ద సభ ఏడాదికి కొన్నిసార్లే కూర్చుంటుంది. అక్కడ అరుపులే తప్ప పని ఉండదు. అందుకని సభాపతి అయిన కొత్తలోనే నెలకు రెండు గురువారాలు చిన్న హాల్లో బల్ల చుట్టూ కూర్చోవాలని నియమం చేశాను. ఓటు లేదు, విలేకరులు లేరు. వచ్చే సభకు ఏ అంశాలు వెళ్ళాలి, వేటి మీద చర్చ కావాలి, వేటికి అక్కర్లేదు అన్నది అక్కడే తేల్చేస్తాం. చర్చ అక్కర్లేనివన్నీ ఒక కట్టగా కట్టి పెద్ద సభలో ఒక్క మాటతో ఆమోదిస్తాం. ఇప్పుడు సభ చీకటి పడకముందే ముగుస్తోంది. రైల్వే డీజిల్ షెడ్‌లో ఫిట్టర్‌గా రిటైరైనవాడు సభ ఏం నడుపుతాడని నవ్వినవాళ్ళు ఇప్పుడు నవ్వడం లేదు.

ఇవాళ ఝాన్సీ చాలాసేపు మాట్లాడింది. సిర్గిట్టి వైపు నుంచి మొదటిసారి గెలిచిన పిల్ల. ఏ పార్టీ లేదు. ఈ హిందీ ఊళ్ళో మన తెలుగువాళ్ళ అమ్మాయే, బయట నన్ను బాబాయ్ అంటుంది. అంశం వాళ్ళ వార్డుదే. కొత్త పైపులైను వచ్చింది కాబట్టి పాత బోరు మూసేయాలి. తన వార్డుకి కొత్త నీళ్ళు వచ్చినందుకు చెప్పుకుంటోంది కాబోలు, చేతులు తిప్పుతూ చెప్పింది. తల ఊపాను. చర్చ అక్కర్లేని కట్టలో వేయమని రాంప్రసాద్‌తో అన్నాను. ఆమె ఇంకా ఏదో అడిగింది. మళ్ళీ తల ఊపి నవ్వాను. ఆమె కూడా నవ్వి కూర్చుంది.


ఏప్రిల్ 5

ఆదివారం. రాజ్‌కిశోర్ నగర్ నుంచి మా భానుప్రియ పిల్లని తీసుకుని వచ్చింది. రాగానే టీవీ దగ్గరికి వెళ్ళి సౌండ్ తగ్గించింది. నేను పెంచాను. ఆమె తగ్గించింది.

"నాన్నా, చెవుల డాక్టర్ దగ్గరికి ఒక్కసారి వెళ్దాం. ప్లీజ్" అంది.

"నాకేటీ అవ్వనేదు. షెడ్‌లో పన్జేసినోళ్ళం అందరం ఇలాగే గట్టిగా మాటాడుకుంటాం" అన్నాను.

అది అలవాటు, జబ్బు కాదు. అప్పలనర్సమ్మ వంటింట్లోంచి ఏదో అంది. కూతురు నవ్వింది. ఏమందో అడగలేదు. భార్య ఎగతాళి చేసినప్పుడల్లా అడిగి తెలుసుకోనక్కర్లేదు.

షెడ్ అంటే పోలయ్య గుర్తొస్తాడు. నాకంటే ముందు చేరినవాడు. ఇంజన్ టెస్టింగ్‌లో ఉండి ఉండి చెవులు పోయాయి. మెడికల్‌లో అన్‌ఫిట్ చేసి ఊడ్చే పనికి వేశారు. కుర్రాళ్ళు వెనక నుంచి బూతులతో పిలిచి, ఆయన తిరక్కపోతే పడీ పడీ నవ్వేవారు. నాది అలాంటిది కాదు.

భానుప్రియకి తెలుగు చదవడం రాదు. ఈ డైరీ బల్ల మీద పెట్టినా భయం లేదు.


ఏప్రిల్ 16, గురువారం

కార్యసమావేశం. మైకులు అలాగే ఉన్నాయి.


ఏప్రిల్ 24

పెద్ద సభ. ఒకటే గోల. పార్కింగ్ గురించి ప్రతిపక్షం బల్లలు చరిచింది. దిలీప్ లేచి వాళ్ళ మీద అరిచాడు. ఆ గోలలోనే కట్ట మొత్తం ఆమోదం చేయించాను. అందుకేగా ఆ పద్ధతి పెట్టింది.

ఝాన్సీ లేచి నిలబడి చెయ్యి ఊపుతూనే ఉంది. ఆమె అంశం కట్టలో ఉంది, ఆమోదం అయిపోయింది, ఇంకా ఏం కావాలో తెలియదు. "కూర్చోండి, మీ పని అయిపోయింది" అన్నాను. కొందరు నవ్వారు. రాంప్రసాద్ నా వైపు వంగి చెవిలో ఏదో చెప్పాడు. అలాగే అన్నాను.

కొత్తగా గెలిచినవాళ్ళకి సభా మర్యాద అలవాటు కావడానికి కొంత సమయం పడుతుంది.


మే 7, గురువారం

సమావేశానికి ముందు ఝాన్సీ నా గదికి వచ్చింది. వెంట వాళ్ళ వీధి ఆడవాళ్ళు ఇద్దరు. గదిలో కూలర్ హోరు. ఆపమంటే ఎండకి చచ్చిపోతాం. ఆమె కుర్చీలో కూడా కూర్చోలేదు, నిలబడే మాట్లాడింది. నీళ్ళు అంది. బోరు అంది. చివర్న నా వైపు వేలు చూపించి "మీరే రావాలి" అంది. కొత్త నీళ్ళకి పూజ పెట్టుకున్నట్టున్నారు, నన్ను పిలవడానికి వచ్చింది.

"అవునమ్మా, నేనే. తప్పకుండా" అన్నాను.

ఎందుకో మొహం పాలిపోయింది. వెనకున్న ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎండన పడి వచ్చారు పాపం. మంచినీళ్ళు తాగి వెళ్ళమన్నాను. తాగలేదు.

తర్వాత సమావేశానికి ఝాన్సీ రాలేదు.


మే 8

పొద్దున్నే అప్పలనర్సమ్మ హిందీ పేపరు తెచ్చి టీ గ్లాసు పక్కన పెట్టింది. మూడో పేజీలో నా ఫొటో.

సిర్గిట్టిలో పాత బోరు మూశారు. కొత్త పైపు ఆఖరి వీధి దాకా రాలేదు. ఆ వీధివాళ్ళు రైలు పట్టాలు దాటి అవతలి వైపు నుంచి నీళ్ళు మోసుకుంటున్నారు. మొన్న బుధవారం ఒక ముసలామె బిందెతో కంకర మీద జారిపడింది. తుంటి ఎముక విరిగింది. కార్యసమావేశంలో బోరు మూయనని సభాపతి తల ఊపి మాట ఇచ్చారని, తర్వాత దాన్నే చర్చ లేని కట్టలో పెట్టించారని ఝాన్సీ చెప్పింది. "కావాలనే చేశారా అని సాక్షుల ఎదురుగా అడిగాను. అవునమ్మా, నేనే అన్నారు, నవ్వుతూ అన్నారు."

మూడుసార్లు చదివాను.

ఆమె అన్నది "మీరే రావాలి" కాదు. "మీరే కావాలని."

మధ్యాహ్నం దిలీప్ ఇంటికి వచ్చాడు. భుజం మీద చరిచాడు. ఆయన గొంతు నాకు ఎప్పుడూ బాగా వినిపిస్తుంది. "భలే పని చేశావు భయ్యా! పార్టీ లేని పిల్ల ఎగిరెగిరి పడుతోంది. నువ్వు మెతక మనిషివని అనుకునేవాళ్ళం. పేపరుకి ఏం చెప్పకు, నాలుగు రోజుల్లో మర్చిపోతారు" అన్నాడు.

ఏం చెప్పలేదు.


మే 9

ఏం చెప్పలేదు.


మే 10

ఇవాళ నాకు నేనే ఒక సంగతి తెలుసుకున్నాను. రాయకుండా ఉండలేను.

కుట్ర చేశాడంటే భరించగలను. ఆడపిల్లని మోసం చేశాడన్నా భరించగలను. నిన్న మా తార్‌బహార్ కూరగాయల కొట్టు దగ్గర ఇద్దరు నన్ను చూసి మొహం తిప్పుకున్నారు. బాధ వేసింది, కానీ తలెత్తుకునే నడిచాను. దుర్మార్గుడు అంటే ఎంతో కొంత శక్తి ఉన్నవాడనే కదా అర్థం. అదే వెనక నుంచి పిలిచి, నేను తిరక్కపోతే నవ్వితే? ఆ కుర్చీలో కూర్చున్నవాడికి వినపడదట అని ఊరంతా చెప్పుకుంటే?

దుర్మార్గుడిగానే ఉండిపోదామనుకున్నాను. నిజంగానే అనుకున్నాను.


మే 11

అప్పలనర్సమ్మ పొద్దున్నే చీర మార్చుకుని, నా చొక్కా తీసి మంచం మీద వేసింది. ఎదురుగా వచ్చి నిలబడింది. ఈ మధ్య ఎప్పుడూ ఎదురుగా వచ్చే మాట్లాడుతుంది.

"పడిపోయినామె ఎవులో నీకు తెల్దేటి? మన పోలయ్య పెళ్ళాం, మంగాయమ్మ. ఆస్పత్రికి ఎల్దాం, లెగు."

పేపర్లో పేరు ఉంది. చదివాను. చదవనట్టు ఊరుకున్నాను.

ఆస్పత్రి నిండా మనుషులు, ఫ్యాన్లు, ట్రాలీల గోల. మంగాయమ్మ ఎముకల వార్డులో కిటికీ పక్క మంచం మీద ఉంది. సగానికి సగం అయిపోయింది. నన్ను చూసి ఏదో అంది. నేను నవ్వి తల ఊపాను. ఇంకా ఏదో అంది. అవును అన్నాను. ఆమె చెప్పడం ఆపి నా మొహంలోకి చూసింది. చెయ్యి చాచి నా గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది. చిన్నపిల్లాడి గడ్డం పట్టుకున్నట్టు. అప్పుడు మెల్లగా, ఒక్కో మాటే, పెదవులు బాగా కదిలిస్తూ అంది.

"ఇనబడనేదు కదా, బావూ?"

నేను అప్పలనర్సమ్మ వైపు చూశాను. ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తోంది.

"నిన్ను రెండు మాట్లడిగినాను. నీళ్ళొచ్చినాయా అని ఒకటి. నన్ను పడగొట్టింది నువ్వేనంట, నిజమేనా అని ఒకటి. దానికి నవ్వినావు. దీనికి అవునన్నావు" అంది మంగాయమ్మ. "మా పోలయ్యా అచ్చం ఇలాగే. ఇనబడనప్పుడల్లా తల ఊపీసీవోడు, నవ్వీసీవోడు. ఏళ్ళ తరబడి సూసినాను ఆ నవ్వు. నాకు తెల్దేటి?"

మంచం పక్కకి వంగి, నా మొహం ఆమెకి ఎదురుగా పెట్టాను.

"వినపడలేదు. మళ్ళీ చెప్పు" అన్నాను.

చెప్పడానికి ఏమీ మిగల్లేదు. అంతా చెప్పేసింది. అయినా ఆ మాట ఒకసారి అనాలనిపించింది. ఎన్నేళ్ళయిందో ఆ మాట అని.

ఆటోలో అప్పలనర్సమ్మని అడిగాను, "నీకు తెలుసునా?" అని. నా చెయ్యి పట్టుకుని అరచేతిలో గట్టిగా ఒక్కసారి నొక్కింది. ఆ గోలలో మాటలు ఎందుకని కాబోలు.


మే 12

రాంప్రసాద్‌ని పిలిచాను. శుక్రవారం ప్రత్యేక కార్యసమావేశం పెట్టమన్నాను. తేదీలు నిర్ణయించే అధికారం సభాపతిదే. "అంశం ఏమని రాయమంటారు సర్?" అని కాగితం మీద రాసి చూపించాడు. కాగితం మీద రాసి! నేను అడగకుండానే!

"మీక్కూడా తెలుసా?" అన్నాను.

ఆయన తల దించుకున్నాడు. పెద్ద సభలో నా చెవిలో చెప్పింది అదేనట. ఝాన్సీ వద్దంటున్నారు, ఆ అంశం కట్టలోంచి తీసేయమంటారా అని. నేను అలాగే అన్నాను, కట్ట మొత్తం చదివి ఆమోదమన్నాను. మనసు మార్చుకున్నారనుకున్నాడట. సభాపతిని రెండోసారి అడగడం బాగుండదని ఊరుకున్నాడట.

ఆయన మంచివాడు. నేనే ఎప్పుడూ ఎవరినీ రెండోసారి అడగనివ్వలేదు.


మే 15, శుక్రవారం

దాదాపు అందరూ వచ్చారు. ఝాన్సీ రాదనుకున్నాను, వచ్చింది. తలుపు దగ్గరి కుర్చీలో, లేచిపోవడానికి సిద్ధంగా కూర్చుంది. దిలీప్ నా పక్కనే కూర్చుని కాలు ఆడిస్తున్నాడు.

లేచి నిలబడ్డాను. ఏం చెప్పాలో రాసుకోలేదు. హిందీలో చెప్పాను.

"నాకు సరిగ్గా వినపడదు. చాలా కాలం నుంచి వినపడదు. మైకులు బాగానే ఉన్నాయి. ఏప్రిల్‌లో ఝాన్సీ గారు చెప్పింది నేను వినలేదు. విన్నట్టు తల ఊపాను. పెద్ద సభలో ఆమె వద్దన్నదీ వినలేదు. నా గదిలో ఆమె అడిగింది ఒకటి, నేను జవాబు చెప్పింది ఇంకోదానికి. కావాలని చేయలేదు. కానీ చేసింది నేనే."

ఎవరైనా నవ్వారో లేదో నాకు తెలియదు. అదొక అదృష్టం. మొహాలు మాత్రం చూశాను. కొందరు పక్కవాళ్ళ వైపు తిరిగారు. దిలీప్ కాలు ఆగిపోయింది.

"ఝాన్సీ గారూ, ఆ రోజు చెప్పింది మళ్ళీ చెప్పండి. దగ్గరికి వచ్చి, నాకు ఎదురుగా కూర్చుని చెప్పండి" అన్నాను.

ఆమె కదల్లేదు. తర్వాత లేచి, కుర్చీ లాక్కుని వచ్చి నాకు ఎదురుగా వేసుకుని కూర్చుంది. తెలుగులో మొదలుపెట్టింది. అందరికీ అర్థం కావాలని హిందీలోకి మారింది.

"ఆఖరి వీధికి పైపు కలపలేదు. పట్టాల కింద నుంచి వేయాలి, దానికి అనుమతి రావాలి. వచ్చేదాకా పాత బోరు ఆపకండి అన్నాను."

అంతే. ఒక్క నిమిషం కూడా పట్టని మాట. నేను తల ఊపిన మాట.

"ఇంకా చెప్పండి" అన్నాను. ఎందుకంటే ఆమె ఆగిపోయింది కానీ అయిపోలేదు.

"మీరు తల ఊపారు కదా" అంది. ఇప్పుడు మళ్ళీ తెలుగులో, నా ఒక్కడికే అన్నట్టు. "ఆ సాయంత్రమే వీధిలోకి వెళ్ళి చెప్పాను. సభాపతి గారు ఒప్పుకున్నారు, బోరు ఎక్కడికీ పోదు, ఎవరూ కంగారు పడకండి అన్నాను. మొదటిసారి నా మాట సభలో నెగ్గిందని మా అమ్మ సేమ్యా పాయసం చేసి వీధంతా పంచింది."

ఆమె పెదవులు వణికాయి. నాకు మాటలు వినిపించిన దానికంటే అదే ఎక్కువ కనిపించింది.

క్షమించమని అడిగాను. ఆమె లేచి కుర్చీ యథాస్థానంలో పెట్టి కూర్చుంది. క్షమించానని అనలేదు. అనాల్సిన అవసరం కూడా లేదు.

మేయర్ గారి దగ్గరికి నేనే వెళ్ళాను. సాయంత్రానికి మనుషులు వెళ్ళి బోరు మళ్ళీ తెరిచారు.

దిలీప్ బయట వరండాలో పట్టుకున్నాడు. "పిచ్చి పట్టిందా నీకు? గట్టివాడన్న పేరు వచ్చింది, ఊరికే పారేసుకున్నావు" అన్నాడు. స్పష్టంగా వినిపించింది.


మే 20

చెవుల పరీక్షకి భానుప్రియ తీసుకెళ్ళింది. డాక్టరు చిన్నవాడు, ఓపికస్తుడు. తెర మీద గీత ఒకటి చూపించాడు. ఎడమ నుంచి కొంత దూరం తిన్నగా వచ్చి, తర్వాత కొండ మీద నుంచి దూకినట్టు కిందికి పడిపోయింది. ఇంజన్ల దగ్గర పనిచేసినవాళ్ళందరికీ ఇలాగే ఉంటుందట. బండ గొంతులు మిగులుతాయి. సన్నని శబ్దాలు ముందు పోతాయి. క, త, స లాంటి అక్షరాలు పోతాయి. పక్షుల కూతలు పోతాయి.

"ఆడవాళ్ళ గొంతులు, పిల్లల గొంతులు ముందు పోతాయి అంకుల్" అన్నాడు.

ఆ గీత పడిపోయిన చోట వేలు పెట్టి చూశాను.

నా సభలో ఇంచుమించు సగం మంది ఆడవాళ్ళు. ఎప్పుడూ అనుకునేవాణ్ణి, వీళ్ళకి చెప్పడానికి పెద్దగా ఏమీ ఉండదని, దిలీప్ లాంటివాళ్ళకే విషయం తెలుసని. ఒకసారి రాంప్రసాద్‌తో పైకే అన్నాను కూడా. వాళ్ళు రోజూ మాట్లాడుతూనే ఉన్నారు.

రెండు చెవులకీ మిషన్లు పెట్టారు. పోయింది పూర్తిగా తిరిగి రాదన్నాడు. బయటికి రాగానే నా చెప్పుల చప్పుడుకే ఉలిక్కిపడ్డాను. ఇంటికి వస్తే గిన్నెలు పిడుగులు పడ్డట్టు మోగాయి. మనవరాలు గదిలోకి వచ్చి ఏదో పాట పాడుకుంటోంది. దాని గొంతు ఇంత సన్నగా ఉంటుందని నాకు తెలియదు. బుగ్గలు, జుట్టు, పళ్ళు ఊడడం అన్నీ తెలుసు. గొంతు తెలియదు.


మే 27

మిషన్లు చెవుల్లో గుచ్చుకుంటున్నాయి. పొద్దున్నుంచి తీసి పెట్టేశాను. అప్పలనర్సమ్మ తెచ్చి టీ గ్లాసు పక్కన పెట్టింది. పెట్టుకున్నాను.


జూన్ 4, గురువారం

ఇవాళ సమావేశంలో మొదటి అంశం నేనే. రాజీనామా రాసి రాంప్రసాద్‌కి ఇచ్చాను. తీసుకోవాలా వద్దా అన్నది సభ్యులు మాట్లాడుకోమన్నాను.

దిలీప్ లేచి నన్ను పొగిడాడు. ధైర్యం అన్నాడు, నిజాయితీ అన్నాడు, ఊళ్ళో జనం నా మీద జాలి పడుతున్నారన్నాడు, ఇలాంటి సమయంలో సభాపతిని మార్చడం పొరపాటు అన్నాడు. మూడు వారాల క్రితం వరండాలో ఏమన్నాడో ఆయనకి గుర్తున్నట్టు లేదు. చాలామంది బల్లలు చరిచారు. ప్రతిపక్షం వాళ్ళు కూడా చరిచారు. అబద్ధం చెప్పను, లోపల సంతోషం పొంగింది. ఉండిపొమ్మంటే ఉండిపోదామని సగం మెత్తబడ్డాను.

అప్పుడు ఝాన్సీ లేచింది.

"సభాపతి మహోదయ్, మీరంటే నాకు కోపం లేదు. ఉండేది, పోయింది" అంది. "కానీ జాలి వేరు, కుర్చీ వేరు. ఆ కుర్చీలో కూర్చున్నవారికి మా మాట వినపడకపోతే మళ్ళీ అడగాలి. మీరు అడగలేదు. అడిగితే చిన్నతనం అనుకున్నారు. ఆ చిన్నతనం మీకు రాకూడదని మా వీధి ఆడవాళ్ళు నెత్తిన బిందెలతో పట్టాలు దాటారు. మంగాయమ్మ అవ్వ ఇప్పటికీ లేవలేదు. ఇప్పుడు బాగా వినిపిస్తోంది కాబట్టి అంతా సరిపోయిందని అనేస్తే, రేపు ఇంకొకరు వచ్చి ఇంకో కారణం చెబుతారు. రాజీనామా తీసుకోవాలని నా మాట."

ఆమె కూర్చుంది. హాల్లో చప్పుడు లేదు. నిజంగా లేదు. ఇప్పుడు నాకు తేడా తెలుస్తుంది.

మొదటి అక్షరం నుంచి ఆఖరి అక్షరం దాకా ఒక్కటీ జారిపోకుండా విన్నాను. ఈ హాల్లో ఒక ఆడమనిషి చెప్పింది పూర్తిగా వినడం నాకు ఇదే మొదటిసారి కావచ్చు. జవాబు చెప్పబోయాను. ఆమె అన్నదాంట్లో తప్పు పట్టడానికి ఒక్క మాట దొరకలేదు.

"ఝాన్సీ గారు చెప్పింది సరైనది" అన్నాను. "ఓటు అక్కర్లేదు, నేను దిగిపోతున్నాను. దిగే ముందు ఒక్క నియమం చేయనివ్వండి. ఏ వార్డు అంశమైనా చర్చ లేని కట్టలోకి వెళ్ళాలంటే, ఆ వార్డు సభ్యులు లేచి సరే అని తమ నోటితో చెప్పాలి. సభాపతి దాన్ని తిరిగి పైకి చెప్పి, ఇదేనా మీరన్నది అని అడగాలి."

ఎవరూ కాదనలేదు. దిలీప్ మాత్రం సమావేశాలు ఇక చీకటి పడేదాకా సాగుతాయని గొణిగాడు. సాగనీ.

ఇంటికి వచ్చేసరికి నీరసం వచ్చింది. అప్పలనర్సమ్మ మజ్జిగ ఇచ్చింది. "దిగిపోనావేటి?" అంది.

"దిగిపోయాను."

"అచ్ఛా" అని పక్కన కూర్చుంది.


జూన్ 18, గురువారం

ఇవాళ సభ్యుల వరసలో కూర్చున్నాను. తాత్కాలికంగా కుర్చీలో ఉన్నాయన మా తార్‌బహార్ డ్రైనేజీ అంశం చదివి, "పైడిరాజు గారూ, చర్చ అక్కర్లేదంటారు, ఇదేనా మీరన్నది?" అని అడిగాడు. అవునన్నాను. వింతగా అనిపించింది. బాగానే అనిపించింది.

పట్టాల కింద పైపుకి అనుమతి వచ్చిందని ఝాన్సీ చెప్పింది. పని మొదలైందట.


జూన్ 29

వాన మొదలైంది. సిర్గిట్టి ఆఖరి వీధికి కొత్త నీళ్ళు వచ్చాయని పొద్దున తెలిసింది. ఎవరూ పిలవలేదు. నేనూ అప్పలనర్సమ్మా ఆటోలో వెళ్ళాం.

వీధి మొగలో ఆడవాళ్ళు పంపు చుట్టూ గుమిగూడి ఉన్నారు. ఝాన్సీ వాళ్ళ మధ్యలో ఉంది. నన్ను చూసి తల పంకించి, మళ్ళీ పనిలో పడిపోయింది. మేం మంగాయమ్మ ఇంటికి వెళ్ళాం. ఆమె గుమ్మంలో నులక మంచం మీద కూర్చుని ఉంది. కర్ర పట్టుకుని నాలుగడుగులు వేస్తోందట. నా చెవులు చూసి నవ్వింది.

"ఇప్పుడు ఇనబడతందా?"

"వినబడుతోంది."

"అయితే కూకో. సెప్తాను."

తిడుతుందనుకున్నాను. సిద్ధపడే వెళ్ళాను. ఆమె పోలయ్య గురించి చెప్పింది. ఊడ్చే పనికి వేశాక ఆయన ఎవరితోనూ మాట్లాడడం మానేశాడట. ఇంట్లో కూడా. "నానేటి సెప్పినా తల ఊపీసీవోడు. ఇన్నాడో నేదో నాకు తెలీదు. సెప్పి సెప్పి ఇసిగిపోయి నానూ సెప్పడం మానీసినాను. అన్నం తిను, నీళ్ళు తోడుకో, అంతే మాటలు. పదకొండేళ్ళు అలా గడిసిపోనాయి. ఆడు పోయినాక తెలిసింది, సెప్పాల్సినవి ఎన్నుండిపోనాయో."

వాన చూరు మీద పడుతోంది. ఆ చప్పుడు మిషన్లలో ఎక్కువగా వినిపిస్తోంది. అయినా ఆమె మాటలన్నీ అందాయి.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో అప్పలనర్సమ్మ బయటికి చూస్తూ కూర్చుంది. తార్‌బహార్ దగ్గరికి వచ్చేశాం. అడిగాను.

"నువ్వు కూడా మానీసినావేటి? నాకు సెప్పడం?"

ఆవిడ తిరిగి నన్ను చూసింది. "సానా మానీసినాను" అంది.

"సెప్పు."

మొదలుపెట్టింది. ఆటో ఇంజన్ మోతకి, వానకి, ఒక ముక్క వినిపిస్తే రెండు ముక్కలు పోతున్నాయి. తల ఊపబోయాను. ఊపలేదు. డ్రైవర్ భుజం తట్టి ఆపమన్నాను. ఇల్లు ఇంకా దూరం ఉంది, వానలో ఎక్కడ దిగుతారని అడిగాడు. టీ కొట్టు చూపించాను.

కొట్టులో రెండో వైపు బల్ల ఖాళీగా ఉంది. రెండు టీలు చెప్పాను. ఆవిడకి ఎదురుగా కూర్చున్నాను.

"ఆ, ఇప్పుడు సెప్పు. మొదట్నుంచి" అన్నాను.

ముందు మోకాలి నొప్పి గురించి చెప్పింది. మెట్లు ఎక్కలేక పైన బట్టలు ఆరేయడం మానేసి ఏడాదైందట. రోజూ కింద పెరట్లో ఆరే బట్టలు చూస్తూనే ఉన్నాను. తర్వాత వాళ్ళన్నయ్య గురించి చెప్పింది. ఆయన పోయిన వారం రోజులకి, ఆయన కోసం ఒకసారి ఏడవాలని ఉందని నాతో అందట. నేను తల ఊపి పేపరు తిప్పానట.

"మళ్ళీ సెప్పు" అన్నాను. వినపడక కాదు.

కొంగుతో కళ్ళు ఒత్తుకుని మళ్ళీ మొదలుపెట్టింది. టీ చల్లారిపోయింది. కొట్టువాడు ఇంకో రెండు తెచ్చిపెట్టాడు. వాన ఆగిపోయింది, జనం రోడ్డెక్కారు, మేం అక్కడే కూర్చున్నాం.